బీపీ బిళ్ళలతో థైరాయిడ్ వస్తుందా? షుగర్ ఉన్నోళ్ళ అపోహలు - వాస్తవాలు

కావలిలో ప్రాక్టీస్ చేస్తా ఉండా, ఉలవపాడు, కందుకూరు వైపు నుంచి కూడా వస్తా ఉంటారు. షుగరూ బీపీ రెండూ ఉండి రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష, ఎక్కువుంటే సాధారణంగా థైరాయిడ్ తగ్గిందని) కాస్త ఎక్కువొస్తే చాలు, తప్పంతా బీపీ బిళ్ళల మీదేస్తారు, కొందరైతే అడక్కుండానే ఆపేసి 180 బీపీతో వస్తారు, నాకు భయమేసేది అక్కడే.

అపోహ: బీపీ బిళ్ళలు థైరాయిడ్‌ని చెడగొడతాయి.
వాస్తవం: ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ అట్టాంటి మందులు కావు. అసలు థైరాయిడ్ తగ్గితేనే రక్తనాళాలు బిగుసుకుని కింది బీపీ పెరుగుద్ది, అంటే మీరనుకునేదానికి రివర్స్. థైరాయిడ్‌ని నిజంగా ఇబ్బంది పెట్టేది అమియోడరోన్, అది గుండె లయ తప్పినోళ్ళకి ఇచ్చేది, బీపీ మందు కాదు. 200 మిల్లీగ్రాముల బిళ్ళలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది, మనిషికి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములే, అందుకే అది వాడేవాళ్ళు ఆరు నెలలకోసారి థైరాయిడ్ టెస్ట్ చేయించుకోవాల్సిందే.

అపోహ: ప్రొప్రనలాల్‌తో (గుండె దడకీ బీపీకీ ఇచ్చే బిళ్ళ) దడ తగ్గింది, అంటే ఎక్కువైన థైరాయిడ్ నయమైపోయింది.
వాస్తవం: దడ, చేతుల వణుకు తగ్గుతాయి గానీ గ్రంథి హార్మోన్ ఎక్కువ వదుల్తానే ఉంటది. షుగర్ ఉన్నోళ్ళు ఇక్కడ జాగ్రత్తగా వినండి, గ్లిమిపిరైడ్ అనే షుగర్ బిళ్ళ గానీ ఇన్సులిన్ గానీ వాడేటప్పుడు షుగర్ పడిపోతే మనకి ముందు తెలిసేది ఆ దడ, వణుకుతోనే, వాటిని ఈ మందు కనపడకుండా చేసేస్తుంది, మిగిలే గుర్తు ముఖ్యంగా చెమటే. రోహిణి కార్తె ఎండలో చెమట పడితే ఎండకేలే అనుకుంటాం గదా! ఒళ్ళు తడిసి తల తిరుగుతుంటే గ్లూకోమీటర్‌తో చూసుకోండి, 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి 15 నిమిషాలకి మళ్ళీ చూడండి, మీటర్ దగ్గర్లేకపోతే ముందు చక్కెర నీళ్ళు తాగేయండి. అట్టాగని ప్రొప్రనలాల్ ఒక్కసారిగా ఆపొద్దు, గుండెకి ప్రమాదం.

అపోహ: పొద్దున్నే అన్ని బిళ్ళలూ టీతో మింగేయొచ్చు.
వాస్తవం: థైరాయిడ్ తగ్గినోళ్ళకిచ్చే థైరాక్సిన్ బిళ్ళ ఒక్కటీ పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట నుంచి గంట ఆగి టీ తాగండి, కాల్షియం, ఐరన్ బిళ్ళలకైతే నాలుగు గంటల తేడా ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే థైరాయిడ్ టెస్ట్‌కి రెండు రోజుల ముందు ఆపండి, రిపోర్ట్ తప్పొచ్చే అవకాశం ఉంది. థైరాక్సిన్ డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చేయించండి, ఈలోపు షుగర్ కూడా పెరగొచ్చు, ఇంట్లో మామూలుకన్నా ఎక్కువసార్లు చూసుకుని రాసిపెట్టుకోండి.