ఎత్తున ఎగిరే పక్షుల గుంపును ఫోటోలో పోల్చుకోవడం

చాలా ఎత్తున సాగిపోయే పక్షుల గుంపును ఫోన్‌తో ఫోటో తీసి, అవి ఏ పక్షులో చెప్పమని అడిగేవారు సాధారణంగా రంగును, పరిమాణాన్ని ఆనవాళ్లుగా చెబుతారు. అలాంటి ఫోటోలో బొత్తిగా నమ్మరానివి ఆ రెండే. వెలుతురు నిండిన ఆకాశానికి తగ్గట్టు కెమెరా ఎక్స్‌పోజర్‌ను, అంటే లోపలికి తీసుకునే వెలుతురును, తగ్గించుకుంటుంది కాబట్టి తెల్లని పక్షి కూడా నల్లగా పడుతుంది. రెక్కల అంచున కనిపించే ఊదా గీత చాలాసార్లు ఈకలది కాదు, లెన్స్‌ది.

పరిమాణం సంగతి లెక్క వేస్తేనే తెలుస్తుంది. రెక్కలు చాపితే 2 మీటర్లుండే పక్షి కిలోమీటరు దూరంలో ఉంటే, 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో సెన్సార్‌పై పడే దాని బింబం 0.8 మిల్లీమీటర్లు, పిక్సెల్ 4 మైక్రాన్లదైతే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అది 200 పిక్సెళ్లు. 6 మిల్లీమీటర్ల ఫోన్ లెన్స్‌తో ఆ బింబం 12 మైక్రాన్లే, అంటే 1.2 మైక్రాన్ల పిక్సెళ్లు పది. ఆ పదింటిని ఎంత పెద్దవి చేసినా కొత్త వివరం పుట్టదు. పైగా అంచులకు పదును పెట్టే సాఫ్ట్‌వేర్ లేని ముక్కును కల్పించగలదు. దూరం తెలియకపోతే అర కిలోమీటరులో ఉన్న మీటరు రెక్కల పక్షి కూడా అంతే కనిపిస్తుంది.

మిగిలేది ఆకారం, అందులోనూ మెడ, కాళ్లు. హెరాన్ జాతి కొంగలు మెడను మడుచుకుని ఎగురుతాయి. స్టార్క్ జాతి కొంగల్లో చాలావరకు, క్రేన్‌లని పిలిచే బెగ్గురు పక్షులు మెడను ముందుకు చాపుతాయి. వీటన్నిటి కాళ్లూ తోకను దాటి వెనక్కి కనిపిస్తాయి. పెద్దబాతులు మెడ చాపినా కాళ్లు తోకను దాటవు. అయితే ఎక్స్‌పోజర్ ఎక్కువైన ఫోటోలో సన్నని కాళ్లు వెలుగులో కలిసిపోతాయి కాబట్టి, ఒక పక్షికి కనిపించలేదని పెద్దబాతులుగా తేల్చేయకుండా గుంపంతా వెతకాలి.

వి ఆకారపు వరుస పెద్దబాతుల సొత్తేమీ కాదు. బెగ్గురు పక్షులు, గూడబాతులు (పెలికాన్లు), నీటికాకులు కూడా అలా కడతాయి. ముందున్న పక్షి రెక్క కొస వెలుపల పైకి లేచే గాలిని వెనుకది వాడుకోవడమే దానికి ప్రధాన కారణమని భావిస్తున్నారు. వేడిగాలి స్తంభంలో సుడి తిరుగుతూ పైకి లేచే గుంపు స్టార్క్‌లదీ కావచ్చు, బెగ్గురు పక్షులదీ కావచ్చు. స్తంభం వదిలాక బెగ్గురు పక్షులు వరుస కడతాయి, స్టార్క్‌లు సాధారణంగా చెదురుమదురుగానే సాగుతాయి. అందుకే ఒక్క మంచి ఫోటో కన్నా కొన్ని నిమిషాల తేడాతో తీసిన నాలుగు నాసిరకం ఫోటోలే మేలు. వీడియో అయితే మరీ మంచిది: పెద్దబాతులూ బెగ్గురు పక్షులూ అరుస్తూ ప్రయాణిస్తాయి, ఎదిగిన స్టార్క్‌లు దాదాపు మూగవి కాబట్టి, బొమ్మ తేల్చలేనిదాన్ని ఒక్కోసారి మైక్ తేలుస్తుంది.