పేరు కొట్టేస్తే తీగ తెగుతుందా?

"యుద్ధానికి దిగిన దేశానికి ఇంటర్నెట్ కట్ చేసి పారేస్తే పోలా? ఇంటర్నెట్‌ను చూసుకునే సంస్థలన్నీ తటస్థం, తటస్థం అంటూ ఎందుకు కూర్చుంటాయి?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ మాట ఆయనకంటే ముందే ఒక ప్రభుత్వం అడిగింది. రష్యా దాడి మొదలైన నాలుగు రోజులకు, 2022 ఫిబ్రవరి 28న, ఉక్రెయిన్ ఉప ప్రధాని మిఖైలో ఫెదొరోవ్ ఇంటర్నెట్ పేర్లనూ నంబర్లనూ సమన్వయపరిచే ఐకాన్‌కు ఉత్తరం రాశారు. డాట్ ఆర్‌యూ, డాట్ ఎస్‌యూ, సిరిలిక్ లిపిలో ఉన్న రష్యా డొమైన్, అన్నీ రద్దు చేయండి, రష్యాలోని రూట్ సర్వర్లు (పేర్ల వెతుకులాట మొదలయ్యే యంత్రాలు) ఆపేయండి అని. ఐరోపాకూ రష్యాకూ ఐపీ అడ్రసులు (నెట్‌లో యంత్రాల నంబర్లు) పంచే రైప్ ఎన్‌సీసీని ఆ అడ్రసులు వెనక్కి తీసుకోమన్నారు. రెండు సంస్థలూ కాదన్నాయి. ఇంటర్నెట్ నడిచేలా చూడటానికే మేమున్నది, ఆపడానికి కాదని ఐకాన్ సీఈఓ యోరాన్ మార్బీ మార్చి 2న జవాబిచ్చారు.

కాదనడం న్యాయమా అన్నది తర్వాత చూద్దాం. ఒకవేళ ఔనని ఉంటే ఏం జరిగేది?

మాంత్రికుడి ప్రాణం ఎక్కడో చిలకలో ఉన్నట్టు, ఇంటర్నెట్ ప్రాణం కూడా ఎక్కడో ఒక స్విచ్చులో ఉంటుందని చాలామంది నమ్మకం. "ప్రపంచంలో ఏడుగురి దగ్గరే ఇంటర్నెట్ తాళాలున్నాయి" అనే కథ అందులోంచి పుట్టిందే. ఇక సైటు పేరును బట్టి అడ్రసు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ అంటే ఫోన్ డైరెక్టరీ అని చెప్పే పాఠాలంటే నాకు ఒళ్లుమంట. అన్నిటికీ పైనుండే రూట్ జోన్ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, రెండు మెగాబైట్లకు అటూ ఇటూ. అందులో ఏ వెబ్‌సైట్ అడ్రసూ ఉండదు. డాట్ ఆర్‌యూ సంగతి అడిగితే "నాకు తెలీదు, ఫలానా వాళ్లను అడుగు" అంటుంది, అంతే.

డిగ్ అనే చిన్న ప్రోగ్రాముతో ఎవరైనా అడగొచ్చు. నేను అడిగితే ఐదు సర్వర్ల పేర్లు వచ్చాయి. ప్రతి పేరు పక్కనా 172800 అనే అంకె. నాకు ఈ వ్యవహారం మొత్తంలో నచ్చింది ఆ అంకే. సెకన్లలో రెండు రోజులు. "ఈ జవాబు రెండు రోజులు దగ్గర పెట్టుకో, ఈలోపు మళ్లీ నన్ను అడగకు" అని దాని అర్థం. మన బదులు వెళ్లి అడిగే రిజాల్వర్లు అలాగే దాచుకుంటాయి. కాబట్టి సోమవారం మధ్యాహ్నం ఆ ఐదు లైన్లూ కొట్టేశారనుకోండి, ఆ క్షణాన ఏమీ జరగదు. ఒక్కో రిజాల్వర్ ఒక్కో సమయంలో అడిగి ఉంటుంది కాబట్టి గడువు ఒక్కోచోట ఒక్కోసారి తీరుతుంది. ఒకరికి సైటు తెరుచుకుంటుంది, పక్కింటివాళ్లకు తెరుచుకోదు. గడువు తీరినవాళ్లకు రూట్ సంతకం చేసిన రుజువొకటి పంపుతుంది. అందులో "లేదు" అనే మాట ఉండదు. అక్షరక్రమంలో డాట్ ఆర్‌ఎస్‌వీపీ తర్వాత వచ్చేది డాట్ రగ్బీ, మధ్యలో ఎవరూ లేరు అని ఉంటుంది! ఒక దేశం పేరు చెరిపేయడం అంటే చూడటానికి ఇంతే.

ఇంతా చేస్తే దెబ్బ ఎవరికి? బయటివాళ్లకు. రష్యా 2019లోనే "సార్వభౌమ ఇంటర్నెట్" చట్టం చేసి సొంత జాతీయ డీఎన్‌ఎస్ ఏర్పాటుకు దిగింది. రూట్ ఫైలు రహస్యమేమీ కాదు, ఎవరైనా దించుకుని ఆ ఐదు లైన్లూ మళ్లీ అతికించుకోవచ్చు. అంటే దేశం లోపల అంతా మామూలే. అక్కడి బంధువుకు మెయిల్ పంపే ఉక్రెయిన్ మనిషికీ, డాట్ ఆర్‌యూ మీద ఉన్న స్వతంత్ర పత్రికను బయటినుంచి చదివేవాళ్లకూ దారి మూసుకుపోతుంది. ప్రచార యంత్రాంగం డాట్ కామ్‌కు మారిపోతుంది. పేరు పోయినా తీగ అలాగే ఉంటుంది, ప్యాకెట్లు నడుస్తూనే ఉంటాయి.

అడ్రసుల సంగతీ ఇంతే. రైప్ తన పుస్తకంలో ఎంట్రీ కొట్టేసినా రౌటర్లు ఆ పుస్తకం చూసి నడవవు, పక్క రౌటర్ బీజీపీలో (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) చెప్పింది వింటాయి. ఈ అడ్రసులు ఫలానా నెట్‌వర్కువే అని రుజువు చేసే ఆర్‌పీకేఐ సంతకాలు తీసేస్తే? అప్పుడు ఆ రూటు "చెల్లదు" అన్న ఖాతాలో పడదు, "ఆచూకీ లేదు" అన్న ఖాతాలో పడుతుంది. అలాంటివాటిని నెట్‌వర్కులు మామూలుగా రానిస్తాయి. ఆ అడ్రసులే ఇంకొకరికి ఇస్తే అసలు గందరగోళం మొదలవుతుంది: ఒకే నంబరుకు ఇద్దరు హక్కుదార్లు.

రూట్‌కు బలం చట్టంతో రాలేదు. అందరూ ఒక్కదాన్నే అడిగే అలవాటుతో వచ్చింది. ఒక్కసారి దాన్ని ఆయుధంగా వాడితే, రేపు మన పేరూ కొట్టేస్తారేమోనని ప్రతి దేశమూ సొంత ఫైలు పెట్టుకుంటుంది. ఇక చేతిలో మిగిలేది ఎవరూ చదవని ఫైలు. అందుకే ఐకాన్ తటస్థతను నేను ధర్మగుణంగా చూడను. ఆ ఫైలు పనిచేయడానికి అదొక షరతు, అంతే.

సైటు అసలుదే అని బ్రౌజర్‌కు రుజువు చేసే సర్టిఫికెట్ల విషయంలో ఇది కళ్లముందే జరిగింది. ఆంక్షలు పడ్డ రష్యా బ్యాంకుల సర్టిఫికెట్లు రద్దవడంతో 2022 మార్చిలో ఆ ప్రభుత్వం సొంత సర్టిఫికెట్ సంస్థ పెట్టింది. దాన్ని బ్రౌజర్లో చేర్చుకున్నవాళ్ల ముందు, ఆ సంస్థ రహస్య తాళంచెవి ఉన్నవాళ్లు ఏ సైటు వేషమైనా వేయగలరు.

అలాగని ఈ సంస్థలు గాల్లో తేలుతూ లేవు. ఐకాన్ కాలిఫోర్నియా సంస్థ, రైప్ ఆమ్‌స్టర్‌డామ్ సంస్థ. ఐరోపా ఆంక్షల జాబితాలో ఉన్నవాళ్ల రికార్డులను రైప్ స్తంభింపజేయక తప్పలేదు. అంటే ఉన్న అడ్రసులు వాడుకోవచ్చు, బదిలీ చేయకూడదు. నాకైతే ఇది పెద్ద తప్పుగా తోచదు.

2022 మార్చి 10న బిల్ వుడ్‌కాక్ తదితర ఇంజనీర్లు, విధాన నిపుణులు ఒక బహిరంగ లేఖలో ఇంకో దారి చెప్పారు. దేశం మొత్తాన్ని వదిలేసి సైన్యం, ప్రచార సంస్థల అడ్రసులు, డొమైన్లు మాత్రమే ఒక జాబితాలో పెడదాం, స్పామ్ జాబితాల్లాగే ఇష్టమున్న నెట్‌వర్కులు వాడుకుంటాయి అని. రూట్ జోలికి పోదు కాబట్టి నాకు నచ్చింది. కానీ ఏ పాపమూ చేయకుండా స్పామ్ జాబితాలో పడి, బయటపడటానికి వారాల తరబడి మెయిళ్లు రాసిన సర్వర్ నిర్వాహకులను అడగండి. ఆ జాబితాలో పేరు చేర్చేది ఎవరు, తీసేది ఎవరు అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.