మీ గుర్రాలు రెండో టర్న్‌కే ఎందుకు పోతున్నాయి

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా.

పోయిన ఆదివారం బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధం ఆట అయ్యాక చిన్నోడు మొహం మాడ్చుకుని అడిగాడు కదా, "అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు పోసి గుర్రాల్ని తీసుకుంటే ముందు అవే చచ్చిపోతున్నాయేంటి తాతయ్యా?" అని. ఫోన్‌లో చెబుదామంటే చేత్తో చేసి చూసుకోవాల్సిన సంగతులు ఉన్నాయి. మీరేమో గాజువాక నుంచి ప్రతి వారం రాలేరు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఒక పాత శుభలేఖ, కాస్త దారం, గుండుసూది దగ్గర పెట్టుకుని చదవండి.

ముందు ఆ రోజు జరిగింది చూద్దాం. మొదటి టర్న్‌లో గుర్రాల్ని వెళ్ళగలిగినంత దూరం తోసేశారు. రెండో టర్న్‌లో ఎదురుగా కనబడ్డ ఈటెల దళం మొహం మీదికి చార్జ్ చేశారు, అంటే దూసుకెళ్ళి ఢీకొట్టారు. ఈటెలవాళ్ళు నాలుగు వరసల్లో నిలబడి ఉన్నారు, చెక్కు చెదరలేదు. మీ గుర్రాలు అక్కడే ఇరుక్కుపోయాయి. అలా ఇరుక్కున్నాక అవి ఇంక గుర్రాలు కావు, ఖరీదైన కాల్బలం. అక్క తీరిగ్గా తన కత్తుల దళాన్ని పక్కకి తెచ్చి కొట్టింది.

పాయింట్లు పోసి దెబ్బని కొనుక్కున్నామని మీరు అనుకుంటున్నారు. నిజానికి మీరు కొన్నది దూరం. నా అలమరలో ఆరు మూలల గడులున్న ఆట ఒకటుంది చూడండి, కమాండ్స్ అండ్ కలర్స్: ఏన్షియంట్స్ అని, 2006లో వచ్చింది. అందులో తేలికపాటి గుర్రపు దళం ఒక టర్న్‌లో 4 గడులు వెళ్తుంది, దగ్గరి పోట్లాటలో 2 పాచికలు వేస్తుంది. బరువైన కాల్బలం కదిలేది 1 గడి, వేసేది 5 పాచికలు. ఆట తయారుచేసినాయన ఆ రెండు అంకెల్లోనే అంతా చెప్పేశాడు. నాలుగు గడులు పరిగెత్తించి, తీసుకెళ్ళి ఐదు పాచికల ముందు నిలబెడితే తప్పు గుర్రానిది కాదు. రౌతు కొద్దీ గుర్రం అన్నారు మన పెద్దలు.

కాబట్టి గుర్రాన్ని ముట్టుకునే ముందు ఒక్కటే అడగండి: ఇది అక్కడ నిలబడితే అవతలివాళ్ళకి ఏ ఎత్తు వేయడానికి వీలుండదు? "ఎవరిని కొట్టగలను" అనేది ఆ తరవాత.

ఇప్పుడు శుభలేఖ తీయండి. వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధం ఆట పాత ఎడిషన్లలో గుర్రం బేస్ (బొమ్మ కింద ఉండే పీట) వెడల్పు 25 మి.మీ., పొడవు 50 మి.మీ. ఐదుగురు రౌతులు పక్కపక్కనే ఉంటే దళం వెడల్పు 12.5 సెం.మీ. ఆ కొలతకి అట్ట కత్తిరించండి. ముందు వైపు ఎడమ మూలకి గుండుసూది గుచ్చి, కుడి మూలని పట్టుకుని తలుపు తీసినట్టు తిప్పండి. దళం దిశ మార్చే పద్ధతి ఇదే. దీన్నే వీల్ అంటారు. రూల్ ప్రకారం బయటి మూల ఎంత దూరం తిరిగితే అంత నడక ఖర్చయినట్టు లెక్క. ఆ వంపు వెంట దారం పరిచి కొలవండి. పూర్తిగా పక్కకి, అంటే 90 డిగ్రీలు తిరగడానికి 19.6 సెం.మీ. పడుతుంది. గుర్రం మామూలు నడక 8 అంగుళాలు, 20.3 సెం.మీ. అంటే పక్కకి తిరిగేసరికి ఆ టర్న్ అయిపోయింది! మిగిలింది గోరంత.

అదే ముగ్గురు రౌతుల వెడల్పుతో, 7.5 సెం.మీ. అట్టతో చేయండి. తిరగడానికి 11.8 సెం.మీ. సరిపోతుంది, తిరిగాక ఇంకా 8.5 సెం.మీ. నడక చేతిలో ఉంటుంది. వెడల్పుగా ఉంటే ఒకేసారి ఎక్కువమంది కొడతారు, సన్నగా ఉంటే ఎక్కడికైనా దూరిపోతారు. తేలిక గుర్రాల్ని నేను ఎప్పుడూ సన్నగానే పెడతాను. వాటికి కొట్టే పని ఎలాగూ పెద్దగా లేదు.

ఈ రూల్ బల్ల మీద కూర్చుని ఎవరో ఊహించి రాసింది అనుకోకండి. సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్ళినప్పుడు పిల్లల్ని సవారీకి తిప్పే గుర్రాన్ని గమనించండి. తాడు పట్టుకుని నడిపిస్తున్నప్పుడు ఉన్నచోటే మెలిక తిరుగుతుంది. కాస్త వేగం అందుకున్నాక తిరగమంటే తడి ఇసకలో పెద్ద వంపు తీసుకుంటుంది. డెక్కల గుర్తులు చూస్తే ఎంత వంపో తెలిసిపోతుంది. ఒక్క గుర్రానికే అంత చోటు కావాలంటే పక్కపక్కనే ఐదు ఉన్నప్పుడు చివరిదాని అవస్థ చూడండి.

మనల్ని కట్టేసిన రూలే అవతలివాళ్ళనీ కడుతుంది. అసలు తెలివి అక్కడుంది. కాల్బలం బేస్ 20 మి.మీ. ఐదుగురి వెడల్పు 10 సెం.మీ. వాళ్ళు పక్కకి వీల్ చేయాలంటే 15.7 సెం.మీ. కావాలి. వాళ్ళ మామూలు నడక 4 అంగుళాలు, అంటే 10 సెం.మీ. పైచిలుకు. ఒక్క టర్న్‌లో అవ్వదు. నిలబడ్డచోటే పక్కకి తిరిగే రూల్ వేరే ఉంది గానీ చార్జ్ చేస్తూ దాన్ని వాడకూడదు. పైగా ముందువైపు 90 డిగ్రీల చూపులో ఉన్నవాళ్ళ మీదికే చార్జ్ చేయాలి. కాబట్టి మీ తేలిక గుర్రాలు వాళ్ళ భుజం పక్క నుంచి దాటి, చూపుకి ఆవల నిలబడితే వాళ్ళేం చేయగలరు? మీ వైపు తిరిగితే మీ పెద్ద దళానికి పక్క చూపించినట్టు. తిరక్కపోతే వచ్చే టర్న్‌లో వెనక నుంచి గుర్రాలు వస్తాయి. రెండూ కష్టమే.

ఇంకో చిత్రం. ఆ పాత ఎడిషన్లలోనే శత్రువు 8 అంగుళాల లోపు ఉంటే కాల్బలం రెట్టింపు నడక నడవకూడదని ఉండేది. గుర్రాలు ఏడంగుళాల దూరంలో ఊరికే నిలబడితే చాలు, 8 అంగుళాలు రావాల్సినవాళ్ళు 4 అంగుళాలే వస్తారు. కత్తి దూయకుండా వాళ్ళ సగం సైన్యాన్ని ఒక టర్న్ ఆలస్యం చేసినట్టు. మీ ఆటలో అంకె వేరుగా ఉండొచ్చు, అసలు ఆ రూలే లేకపోవచ్చు. ముందు మీ పుస్తకంలో చూసుకోండి.

ఇప్పుడు ఎర సంగతి. తేలిక గుర్రాల్ని శత్రువు చార్జ్‌కి అందీ అందనంత దూరంలో, కాస్త ఏటవాలుగా నిలబెట్టాలి. వాళ్ళు చార్జ్ అంటే మీరు పారిపోతాం అనండి. వాళ్ళు ఎవరినీ తాకలేక, తమ వరస వదిలేసి ఒంటరిగా ముందుకొచ్చి ఆగుతారు. ఆగే చోట వాళ్ళ పక్కభాగం కనబడేలా మీ బరువైన గుర్రాలు ముందే కాచుకుని ఉండాలి. ఏటవాలు ఎందుకంటే, మీ వైపు రావాలంటే వాళ్ళు మొహం తిప్పాలి. వాళ్ళు ఎటు తిరగాలో మీరే నిర్ణయించినట్టు. పారిపోయే దారి మాత్రం మీ వాళ్ళతోనే మూసుకుపోకుండా చూసుకోండి. తేలిక గుర్రాలు మళ్ళీ కుదురుకుని కదలగలిగే రూల్ చాలా ఆటల్లో ఉంటుంది. ఎర పని చేసేది దానివల్లే.

క్రీ.పూ. 218 డిసెంబరులో ఇటలీలో ట్రెబియా నది దగ్గర కార్తేజ్ సేనాపతి హనిబాల్ చేసింది ఇదే. పొద్దున్నే నుమిడియా (ఉత్తర ఆఫ్రికా) రౌతుల్ని రోమన్ల శిబిరం మీదికి పంపి రెచ్చగొట్టాడు. రోమన్లు తిండి కూడా తినకుండా, మంచులాంటి ఏరు దాటి వాళ్ళ వెంట పడ్డారు. హనిబాల్ తమ్ముడు మాగో 1000 మంది రౌతులతో, 1000 మంది కాల్బలంతో వాగు గట్టుల చాటున పొంచి ఉన్నాడు. తరవాత ఏమైందో మీరే ఊహించుకోవచ్చు. అంత దూరం ఎందుకు, మన దక్కనులోనే 1728లో మొదటి బాజీరావు నిజాం సైన్యంతో నిలబడి తలపడకుండా ఊరూరా తిప్పాడు. వెంటపడలేక నిజాం తన భారీ ఫిరంగుల్ని వెనకే వదిలేయాల్సి వచ్చింది. చివరికి పాల్ఖేడ్ దగ్గర నీళ్ళు కూడా అందని చోట చిక్కుకుని సంధికి దిగాడు.

ఒక్క రౌతుని పెద్ద దళం ముందు అంగుళం దూరంలో వంకరగా నిలబెట్టి, మొత్తం దళాన్ని పనికిరాని దిక్కుకి తిప్పేసే ఆటగాళ్ళు ఉంటారు. రూల్ ఒప్పుకుంటుంది, నాకు మాత్రం నచ్చదు. ఎదురుగా నలభై మంది ఈటెలు పట్టుకుని వస్తుంటే ఏ రౌతూ అలా నిలబడడు. మీరు చేస్తానంటే కాదనను గానీ, ఆట మొదలెట్టే ముందే అవతలివాళ్ళతో మాట్లాడుకోండి. కొలిచేటప్పుడు కూడా "ఈ మూల నుంచి ఇంత తిప్పుతున్నా" అని పైకి చెప్పి కొలవండి. దళాన్ని తిప్పుతూ అరంగుళం ముందుకు జరిపేయడం మీ అక్కకి అలవాటు. నాకు తెలుసు.

గెలిచాక ఏమవుతుందో చార్జ్‌కి ముందే చూసుకోవాలి. శత్రువు పారిపోతే తరమకుండా ఆగడానికి చాలా ఆటల్లో పాచిక వేయాలి, తప్పితే గుర్రాలు వెంటపడతాయి. క్రీ.పూ. 217లో రాఫియా యుద్ధంలో సిరియా రాజు మూడో ఆంటియోకస్ తన వైపు గుర్రాలతో గెలిచి, తరుముకుంటూ ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఆయన వచ్చేలోపు ఇక్కడ మధ్యలో కాల్బలం ఓడిపోయింది. మరుసటి ఏడాది కాన్నే దగ్గర హనిబాల్ రౌతుల నాయకుడు హస్ద్రుబాల్ ఒక పక్క రోమన్ రౌతుల్ని చెదరగొట్టి, చుట్టూ తిరిగి రెండో పక్కకి వచ్చాడు. అక్కడివాళ్ళు పారిపోతే తరిమే పని నుమిడియా వాళ్ళకి వదిలేసి, తను వెనక్కి తిరిగి రోమన్ కాల్బలాన్ని వీపు మీద కొట్టాడు. రాఫియాలోనూ కాన్నేలోనూ రౌతులు గెలిచారు. తేడా అంతా గెలిచాక వాళ్ళు ఎటు తిరిగారన్న దగ్గరే. బల్ల మీద మీరు చేయాల్సిందల్లా, చార్జ్ చేసే దిక్కులో స్కేలు పెట్టి చూడటమే. తరిమితే ఆ గీత ఎక్కడికి పోతుంది? ఇంకో శత్రుదళం వీపు మీదికైతే చార్జ్ చేయండి. బల్ల అంచు మీదికైతే ఆగండి.

అడవి, బురద గురించి చెప్పేదేముంది, గుర్రాన్ని అందులోకి తీసుకెళ్ళకండి. డీబీఏ (ప్రాచీన యుద్ధాల మీద ఇంకో బొమ్మల ఆట) ఆడేటప్పుడు ఇంకొకటి. దళాలు 12 ఉన్నా, ఎన్నిటిని కదపాలో ఒక్క పాచిక చెబుతుంది. గుర్రాల్ని మూడు దిక్కులకి పంపాక ఒకటి పడితే, ఒక్క దిక్కే కదులుతుంది. సేనాపతికి దూరమైనవాటికి ఖర్చు ఇంకా ఎక్కువ. అందుకని అందులో గుర్రాల్ని రెండు దిక్కులకి మించి చీల్చకండి.

వచ్చే ఆదివారం ఈటెల దళం నేను తీసుకుంటాను, గుర్రాలు మీవి. టేపు మీదే తెచ్చుకోండి, నాదాని మీద అంకెలు చెరిగిపోయాయి.

ఇట్లు,
మీ తాతయ్య