పెళ్లికార్డు మీద 'రిచ్' ఇంగ్లీషు అక్షరాలు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని మా బరంపురంలో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చి అచ్చుకి సిద్ధం చేయడం, మూడు లిపుల పని. పర్లాకిమిడి, గుణుపురం నుంచి వచ్చే పెళ్లివాళ్లకైతే ఒకే కార్డులో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ పడాలి. తెలుగు, ఒడియా ఏ ఫాంటైనా పర్వాలేదంటారు గానీ ఇంగ్లీషు దగ్గర మాత్రం ఫోన్ తీసి చూపిస్తారు. నిలువు గీత లావుగా, అడ్డగీత వెంట్రుకంత సన్నగా, గీతల చివర్లలో సెరిఫ్‌లు, అంటే పదునైన చిన్న కొసలు. బొడోనీ, డీడో, ప్లేఫెయిర్ డిస్‌ప్లే, ఇవన్నీ ఆ బాపతే. అందమైన అక్షరాలే, కాదనను. కానీ వీటి మీద ఉన్నన్ని అపోహలు ఇంకే ఫాంట్ల మీదా చూడలేదు.

అపోహ: సన్నగీతలు ఎగిరిపోయాయంటే ప్రెస్ వాళ్లు సరిగ్గా వేయలేదు.

ప్రెస్‌ని తిట్టే ముందు సైజు చూడండి. ప్లేఫెయిర్ డిస్‌ప్లేని క్లాస్ ఎగ్గర్స్ సోరెన్సెన్ శీర్షికల కోసం గీశాడు. 40 పాయింట్లలో (అక్షరం సైజుకి కొలత పాయింటు) ముచ్చటగా కనిపించిన సన్నగీత, అదే ఫాంటుని అడ్రసు కోసం 8 పాయింట్లకి దించితే ఐదో వంతైపోతుంది. కాగితం, ఇంకు మాత్రం అవే కదా! అసలు ఈ సన్నగీతలు పుట్టిందే మంచి కాగితంతో. బర్మింగ్‌హామ్‌లో బాస్కర్విల్ అని, అచ్చుపనిలోకి రాకముందు చేతిరాత నేర్పినాయన, 1757లో రోమన్ కవి వర్జిల్ కావ్యాలు అచ్చు వేసేటప్పుడు నున్నటి కాగితం, చిక్కటి నల్ల ఇంకు వాడి, అచ్చయిన పేజీలను వేడి రేకుల మధ్య నొక్కించాడు. తర్వాత పారిస్‌లో డీడో కుటుంబం, ఇటలీలోని పార్మాలో బొడోనీ లావుగీతకీ సన్నగీతకీ మధ్య తేడాని చివరంటా లాక్కెళ్లారు. అయితే సీసం అక్షరాల రోజుల్లో ప్రతి సైజుకీ అచ్చు విడిగా చెక్కేవాళ్లు కాబట్టి, చిన్న సైజులో సన్నగీతని కాస్త లావుగా ఉంచే వీలుండేది. కంప్యూటర్ వచ్చాక ఒకటే బొమ్మని సాగదీయడం, కుదించడం మొదలైంది, తంటా అక్కడే వచ్చింది. హార్పర్స్ బజార్ పత్రిక కోసం 1991లో జొనాథన్ హోఫ్లర్ డీడోని మళ్లీ గీసినప్పుడు అందుకే సైజుల వారీగా వేర్వేరుగా చేశాడు. ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే బొడోనీ మోడాలో 6 నుంచి 96 పాయింట్ల దాకా ఆ సర్దుబాటు ఉంది. కాకపోతే అది వేరియబుల్ ఫాంటు, అంటే ఒకే ఫైలులో అక్షరం రూపం మార్చుకోగలిగేది. పేజీలు కూర్చే మన పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కి అది అర్థం కాదు.

అపోహ: బోల్డ్ చేస్తే సరిపోతుంది.

సరిపోదు, ఇంకా చెడుతుంది. బోల్డ్‌లో లావుగీతే బాగా లావెక్కుతుంది, సన్నగీత దాదాపు అలాగే ఉంటుంది, పైగా అక్షరాల కడుపులు, అంటే లోపలి ఖాళీలు, పూడిపోతాయి. వధూవరుల పేర్లు బొడోనీలో పెద్దగా పెట్టి, వేదిక, ముహూర్తం లాంటివి లిబ్రే బాస్కర్విల్‌లోనో జార్జియాలోనో పెట్టండి.

అపోహ: అంకెలు పైకీ కిందికీ ఉన్నాయంటే ఫాంటు పాడైంది.

"ఏటి బాబూ, ఈ తొమ్మిది కిందికి జారిపోయిందేటి?" అని ఫోన్ నంబరు చూపించి అడిగేవాళ్లు చాలామందే. ప్లేఫెయిర్ డిస్‌ప్లేలో మామూలుగా వచ్చేవి పాతకాలపు అంకెలు. చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లాగే కొన్ని గీత కిందికి దిగుతాయి. వాక్యం మధ్యలో సంవత్సరం వస్తే బాగుంటాయి, ఫోన్ నంబరులో మాత్రం కోతికొమ్మచ్చి ఆడుతున్నట్టుంటాయి. ఓపెన్‌టైప్ సెట్టింగుల్లో లైనింగ్ అంకెలు ఎంచుకుంటే అన్నీ ఒకే ఎత్తుకొస్తాయి.

అపోహ: కార్డు మీద రిచ్‌గా ఉందంటే బోర్డు మీద ఇంకా రిచ్‌గా ఉంటుంది.

పట్టుచీరల షాపుల వాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే. షాపు లోపల, కౌంటర్ వెనక గోడ మీదైతే బ్రహ్మాండం. రోడ్డు అవతలి నుంచి చూస్తే సన్నగీతలు కంటికి ఆనవు, హెచ్ అక్షరంలో అడ్డగీత పోయి రెండు కర్రలే మిగులుతాయి. యాక్రిలిక్‌లో కోయిస్తే ఆ గీత దగ్గరే విరుగుతుంది. కార్డు మీద కూడా మెరూన్ రంగులో తెల్ల అక్షరం వదిలితే ఇంకు రెండు వైపుల నుంచీ పాకి సన్నగీతని మింగేస్తుంది. బంగారు ఫాయిల్ అయితే గీత మధ్యలో తెగుతుంది. అందుకే ఫాయిల్ వేయించేవాళ్లకి నేను ముందు ఒక్క కార్డు శాంపిల్ తీసి చేతిలో పెడతాను, స్క్రీన్ మీద చూపించి ఒప్పించను.

అపోహ: మన తలకట్టు కూడా సెరిఫే, కాబట్టి తెలుగులోనూ అదే ఫాంటు దొరుకుతుంది.

తలకట్టు అలంకారం కాదండీ, అక్షరంలో భాగం. 'క'కి గుడి పెడితే తలకట్టు పోతుంది, పొల్లు పెట్టినా పోతుంది. సెరిఫ్ తీసేస్తే ఇంగ్లీషు అక్షరం మారదు. ఇక ప్లేఫెయిర్‌లో తెలుగు అక్షరాలే లేవు, మీరు టైపు చేస్తే కంప్యూటర్ తనకి తోచిన ఇంకో ఫాంటు తెచ్చి పెడుతుంది. జోడీకి నేనైతే టైరో తెలుగు గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ వాడతాను, వాటిలో గీత లావు సన్నాల తేడా కొంచెం ఉంది. ఒత్తులు కింది వరుసని గుద్దుకోకుండా తెలుగు వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ వదలాలి.

అపోహ: ఫ్రీ ఫాంట్లు వాడితే కేసు అవుతుంది.

పైన చెప్పిన వాటిలో ప్లేఫెయిర్, బొడోనీ మోడా, లిబ్రే బాస్కర్విల్, టైరో, నోటో అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సులోవే. కార్డులు, బోర్డులు, లోగోలు చేసి డబ్బులు తీసుకోవచ్చు. ఫాంటు ఫైలుని విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.