పదునుకు రాని నేల, పనికి తేరని గుర్రం

మంచు కరిగీ కరగకముందే వానలు పట్టుకున్న వసంతంలో పొలం మనిషిని సులువుగా మోసం చేస్తుంది. రెండు రోజులు గాలి వీస్తే చాలు, పైమట్టి తెల్లబారుతుంది. దాన్ని నమ్మి గుర్రాలకు నాగలి కడితే నాలుగు చాళ్ళు తిరగకముందే సంగతి బయటపడుతుంది. నాగలికి కావలసిన పదును, అంటే దున్నడానికి తగినంత చెమ్మ, పైన ఉండేది కాదు, 15 సెంటీమీటర్ల లోతున ఉండేది.

అందుకే పారతో ఆ లోతు దాకా తవ్వి, అడుగు మట్టిని గుప్పెడు తీయాలి. పిడికిట్లో బిగించి ఉండ చేసి, నడుమెత్తు నుంచి వదలాలి. పొడిపొడిగా విడిపోతే దున్నవచ్చు. చదునుగా ముద్దలా పడితే ఇంకా ఆగాలి. అనుమానం తీరకపోతే రెండో పరీక్ష ఉంది. కొంచెం మట్టిని అరచేతుల మధ్య తాడులా పేనాలి. 3 మిల్లీమీటర్ల సన్నానికి వచ్చినా తెగకుండా సాగుతోందంటే నేల ఇంకా పచ్చిగానే ఉంది. ఆ సన్నానికి రాకముందే తునకలైతే పని మొదలుపెట్టవచ్చు. మట్టి పనుల ఇంజినీర్లు ప్రయోగశాలలో చేసే పరీక్ష కూడా ఇదే. దానికి మూలం స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ 1911లో బంకమట్టికి గీసిన హద్దులు. ఒకే చోట చూసి సరిపెట్టుకోకూడదు. పల్లంలో ఒకటి, మెరకలో ఒకటి, చెట్టునీడ పడే గట్టువార ఒకటి, కనీసం మూడు చోట్ల చూడాలి.

బాగున్న నేలలో ఘనపరిమాణంలో దాదాపు సగం ఖాళీయే. వాన నిలిచాక ఒకటి రెండు రోజుల్లో పెద్ద రంధ్రాల్లోని నీరు కిందికి జారిపోయి, వాటిలోకి గాలి వస్తుంది. సన్న రంధ్రాల్లోని నీరు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని తీయాల్సింది ఎండ, గాలి, మొక్కల వేళ్ళు. బరువు మోపితే నేల ఎక్కువగా అణిగేది ఈ మధ్య దశలోనే. బంకమట్టి రేణువులు పలకల్లా ఉంటాయి. వాటి మధ్య ఉన్న నీటి పొర కందెనలా పనిచేయడంతో అవి జారి ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి, పెద్ద రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ తర్వాత కురిసిన వాన ఇంకే దారి ఉండదు. పూర్తిగా నీటితో నిండిన నేల అణగడం తక్కువే, కానీ తొక్కిన కొద్దీ దాని అల్లిక చెదిరి బురదవుతుంది. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు కావాలని చేసేది ఇదే. నీరు నిలవడానికి పనికొచ్చే ఆ విద్య బఠాణీకి, బంగాళాదుంపకు చావుదెబ్బ.

‘గుర్రం తేలిక, ట్రాక్టర్ బరువు, కాబట్టి తడిలోనూ గుర్రంతో దున్నేయవచ్చు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. అది సగం నిజం. మిగతా సగం తెలియకపోతే పొలం పాడవుతుంది. బరువులు లాగే 800 కిలోల గుర్రం ఒక్కో గిట్ట వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. నాలుగు కాళ్ళ మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. నడిచేటప్పుడు నేల మీద ఉండేది రెండు మూడు కాళ్ళే, పైగా లాగుతోంది కాబట్టి ఒత్తిడి రెట్టింపు అవుతుంది. తక్కువ గాలి పెట్టిన ట్రాక్టర్ టైరు మోపే ఒత్తిడి కూడా దాదాపు చదరపు సెంటీమీటరుకు ఒక కిలోనే. అంటే పైమట్టి వరకు చూస్తే గిట్ట టైరు కంటే మెత్తనిదేమీ కాదు.

తేడా లోతులో ఉంది. ఒత్తిడి లోపలికి ఎంత దూరం పోతుందో నిర్ణయించేది దాని తీవ్రత ఒక్కటే కాదు, అది పరుచుకున్న వెడల్పు కూడా. ఫ్రెంచి గణితవేత్త బూసినెస్క్ 1885లో ఇచ్చిన సూత్రంతో లెక్క వేస్తే, 8 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గిట్ట కింద 30 సెంటీమీటర్ల లోతుకు చేరేది పై ఒత్తిడిలో పదోవంతు. 25 సెంటీమీటర్ల వ్యాసార్థమంత మేర నేలను తాకే టైరు కింద అదే లోతుకు సగానికి పైగా చేరుతుంది. నిజమైన నేల సూత్రం ఊహించుకున్నంత ఒకేరీతిగా ఉండదు గాని, ఈ తేడా మాత్రం నిలుస్తుంది. గుర్రం చేసే నష్టం ఎక్కువగా నాగలి అందే పొరలోనే ఉంటుంది, దాన్ని తర్వాతి దుక్కి, చలికాలపు గడ్డకట్టు సరిచేయగలవు. టైరు చేసే నష్టం నాగలి అందని చోట ఉంటుంది.

దీనికొక మినహాయింపు ఉంది. జతలో ఒక గుర్రం దున్నని నేల మీద నడుస్తుంది, రెండోది తెరిచిన చాలులో నడుస్తుంది. చాలు గుర్రం గిట్ట పడేది నాగలి అడుగున, తర్వాత కదిలించే దిక్కులేని చోట. మీటరు చాలుకు రెండు మూడు గిట్టల అచ్చులు లెక్కేస్తే, 30 సెంటీమీటర్ల చాలు అడుగులో ఆరోవంతు దాకా తొక్కుడు పడుతుంది. టైరులా ఏకధారగా కాకపోయినా ఇది చిన్నది కాదు. ఏటా ఒకే లోతున దున్నితే ఆ మట్టంలో గట్టిపొర ఏర్పడుతుంది. తడి ఏట లోతు తగ్గించడానికి ఇదొక కారణం. రెండో కారణం లాగుడు బరువు.

గుర్రం రోజంతా నిలకడగా లాగగలిగేది తన బరువులో పదోవంతు. 750 కిలోల గుర్రం 75 కిలోల లాగుడుతో సెకనుకు మీటరు చొప్పున నడిస్తే అది కచ్చితంగా ఒక మెట్రిక్ హార్స్‌పవర్. కొన్ని క్షణాలకైతే ఇంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. 1925లో అయోవా స్టేట్ ఫెయిర్‌లో జరిగిన లాగుడు పోటీల కొలతల నుంచి 1993లో లెక్కగట్టిన గరిష్ఠం 14.9 హార్స్‌పవర్. మంచి గుర్రపు జత బురదలో కూరుకున్న నాగలిని ఒక్క ఊపుతో బయటికి లాగేసినప్పుడు తోలేవారికి కలిగే ధైర్యం ఆ క్షణబలం వల్లనే. దాన్ని నమ్మి పూట గడపలేం.

ఇప్పుడు నాగలి వైపు లెక్క చూద్దాం. 30 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల లోతు అంటే 450 చదరపు సెంటీమీటర్ల మట్టి కోత. ఇసుక, బంకమట్టి కలిసిన గరప నేలలో చదరపు సెంటీమీటరుకు 3.5 నుంచి 4 న్యూటన్లు (కిలో లాగుడు అంటే దాదాపు 10 న్యూటన్లు) పట్టినా మొత్తం 160 నుంచి 180 కిలోల లాగుడు. 800 కిలోల గుర్రాలు రెండింటి రోజువారీ సత్తువ 160 కిలోలే. అంటే పదునున్న గరప నేలలోనే జత తన హద్దు మీద పనిచేస్తోంది. బంకనేలలో 6 న్యూటన్లకు పోతే 275 కిలోలు అవుతుంది. మూడో గుర్రాన్ని కట్టి కోతను కొంత తగ్గించాలి, లేదా జతతోనే అయితే కోతను బాగా తగ్గించాలి. తడిలో కాళ్ళు జారుతాయి కాబట్టి ఉన్న సత్తువలోనూ కొంత వృథా పోతుంది. లోతు 12 సెంటీమీటర్లకు తెస్తే గరప నేలలో లాగుడు 150 కిలోల లోపుకు దిగుతుంది. ఎకరం దున్నడానికి 30 సెంటీమీటర్ల చాలుతో పదమూడున్నర కిలోమీటర్లు నడవాలి, మలుపులు అదనం. అలసిన జతకు ఈ నడకే చాలా ఎక్కువ. సీటున్న చక్రాల నాగలిని ఇలాంటప్పుడు పక్కన పెట్టి, వెనక నడిచే నాగలినే కట్టడం మేలు. మనిషి బరువు, చక్రాల బరువు నాగలికి తోడవవు, లాగుడూ తగ్గుతుంది.

తడి మట్టి నాగలి రెక్కకు, అంటే మట్టిని తిరగేసే ఇనుప పలకకు, అంటుకుంటే అసలు తంటా మొదలవుతుంది. మట్టి ఇనుము మీద జారకుండా మట్టి మీద మట్టి రాసుకుంటుంది, లాగుడు పెరుగుతుంది, చాలు తిరగబడకుండా పక్కకు నెట్టుకుపోతుంది. కారణం సగం తడి, సగం తుప్పు. శీతాకాలానికి ముందు రెక్కకు గ్రీజు పూయకపోతే సన్నటి తుప్పు పట్టి, అద్దంలా ఉండాల్సిన లోహం గరుకవుతుంది. ముందు ఇసుకపాలు ఎక్కువున్న నేలలో నాలుగు చాళ్ళు తోలితే మళ్ళీ మెరుగు వస్తుంది. తిరగబడిన మట్టిపొర ముఖం నునుపుగా, తళతళలాడుతూ కనిపిస్తే మాత్రం తప్పు రెక్కది కాదు. కర్రు మట్టిని కోయకుండా పూసేస్తోందన్నమాట. ఆ మెరుపు ఎండితే ఇటుక. అక్కడే ఆపేయాలి. సరైన పదునులో తిరిగిన పొర గరుకుగా పగిలి ఉంటుంది. ఉదయం దున్నిన బంకనేల మధ్యాహ్నానికి పైపైన తెల్లబారుతుంది. పళ్ళ గొర్రు అప్పుడే తోలాలి. మర్నాటికి వదిలితే పెళ్ళలు బిగుస్తాయి, తొందరపడితే గొర్రు పళ్ళ మధ్య ముద్దలు కడతాయి.

ఇంతదాకా నేల సంగతి. తడి వసంతంలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది గుర్రం దగ్గర. మూడు వారాల్లో తాపీగా జరగాల్సిన దుక్కి వానల వల్ల ఐదారు రోజులకు కుదించుకుపోతుంది. చలికాలమంతా లాయంలో నిలబడిన గుర్రానికి ఊపిరి త్వరగానే కుదురుతుంది, కానీ భుజం చర్మం, స్నాయువులు గట్టిపడటానికి వారాలు పడుతుంది. అందుకే నేల ఆరకముందే గుర్రాన్ని సాధన చేయించాలి. కంకర బాట మీద తేలికైన బండి కట్టి మొదటి రోజు గంట, తర్వాత మెల్లగా పెంచుతూ రెండు మూడు వారాల్లో సగం రోజు దాకా తీసుకురావాలి. విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 40 మధ్య ఉండే నాడి, పని ఆపిన పది పదిహేను నిమిషాలకు 60 కిందికి దిగకపోతే ఆ రోజు మోతాదు ఎక్కువైనట్టే.

వాన వల్ల పని మాటిమాటికీ ఆగడంలో పైకి కనిపించని ప్రమాదం ఒకటుంది. పనిరోజుల దాణా తింటూ రెండు రోజులు ఊరికే నిలబడిన గుర్రాన్ని మూడో రోజు ఒక్కసారిగా దుక్కికి కడితే, అరగంటలోపే తుంటి కండరాలు కర్రల్లా బిగుసుకుంటాయి. చెమటలు పట్టి కదలలేకపోతుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. ఆదివారం సెలవు తర్వాత ఎక్కువగా కనిపించేది కాబట్టి దీనికి ‘సోమవారం పొద్దుటి జబ్బు’ అని పాత పేరు. పెర్షెరాన్, బెల్జియన్ జాతుల్లో కండరాల్లో చక్కెర నిల్వలు అతిగా పేరుకునే జన్యులోపం బాగా ఉందని 2008లో తేలాక దీని కారణాల్లో ఒకటి స్పష్టమైంది. జాగ్రత్త తేలికే. వాన పట్టి పని ఆగిన రోజునే ఓట్స్, గింజల దాణా సగానికి, వీలైతే ఇంకా తక్కువకు తగ్గించాలి. ఎండుగడ్డి మాత్రం తగ్గించకూడదు. అది రోజుకు శరీర బరువులో నూటికి 1.5 నుంచి 2 పాళ్ళు, అంటే 800 కిలోల గుర్రానికి 12 నుంచి 16 కిలోలు. పని లేకపోయినా గంటసేపు నడిపించాలి. జబ్బు వస్తే ‘నడిస్తే సర్దుకుంటుంది’ అని ఇంటికి నడిపించకూడదు. ఉన్నచోటే ఆపి, కాడి సామాను విప్పి, గుడ్డ కప్పి, నీళ్ళు పెట్టి పశువైద్యుణ్ణి పిలవాలి.

భుజం పుండ్ల కథ దీనికంటే మామూలు, అంతకంటే ఎక్కువ రోజులు పని పోగొడుతుంది. వసంతంలో గుర్రం చలివెంట్రుకలు రాలుస్తుంది. అవి చెమటతో కలిసి, లాగడానికి మెడకు తొడిగే కాలర్ కింద ఉండలు కట్టి గుచ్చుతాయి. పూటపూటకూ కాలర్ లోపలి ముఖం తుడవాలి, సాయంత్రం భుజాలు చన్నీళ్ళతో కడగాలి. కాలర్ సరిపోయిందో లేదో గుర్రం తల మామూలుగా ఎత్తి ఉన్నప్పుడు చూడాలి. అడుగున గొంతుకూ కాలర్‌కూ మధ్య అరచేయి అడ్డంగా దూరాలి, పక్కల్లో వేళ్ళ కొనలు మాత్రమే పట్టాలి. రెండు వారాల పనితో గుర్రం ఒళ్ళు తగ్గుతుంది, ఏప్రిల్లో సరిపోయిన కాలర్ మేలో వదులై ఊగుతుంది. ఊగే కాలరే పుండు చేస్తుంది, అప్పుడు లోపల మెత్త వేయడమో చిన్న కాలర్‌కు మారడమో చేయాలి. లాగుడు గొలుసులు భుజానికి లంబంగా ఉండాలి. గొలుసు మరీ పొడవైతే కోణం చెడి కాలర్ పైకి ఎగబాకి గొంతు నొక్కుతుంది.

గిట్టలు తడిలో నానితే మెత్తబడి లాడం మేకులు వదులవుతాయి, బురద లాడాన్ని పీకేస్తుంది. గిట్ట అడుగున త్రికోణపు మెత్తటి భాగం పక్క గాడుల్లో నల్లగా, కంపుకొట్టే కుళ్ళు మొదలైతే రోజూ తవ్వి శుభ్రం చేసి, పొడి పరుపు మీద నిలబెట్టడమే సగం వైద్యం. షైర్, క్లైడ్స్‌డేల్ లాంటి జూలుకాళ్ళ జాతుల్లో మడమల వెనక చర్మం పగిలి పక్కు కడుతుంది. బురద కనిపించగానే గొట్టంపెట్టి కడిగేయాలనిపిస్తుంది, కానీ రోజూ కడిగితే చర్మం మరింత నాని జబ్బు ముదురుతుంది. బురదను ఆరనిచ్చి బ్రష్‌తో రాల్చడం మంచిది.

వాన రోజుల్లో ఎరువు తోలేద్దామనుకునేవారికి ఒక మాట. చక్రం తిరిగితేనే పనిచేసే ఎరువు జల్లే బండి బురదలో ఈడ్చుకుపోతుంది, చక్రం తిరగదు, ఎరువు ఒకేచోట కుప్పపడుతుంది. దాన్ని రాత్రి చలికి నేల గడ్డకట్టిన తెల్లవారుజామున, ఎండ పొడిచేలోపు ముగించాలి. అయినా కొన్ని గంటలే దొరుకుతాయి, వాలు నేలలో అయితే అదీ వద్దు, కరిగే నీటితో ఎరువు కొట్టుకుపోతుంది.

వసంతపు తడిని ఎదుర్కొనే ఏర్పాటు ముందటి శరదృతువులోనే చేసుకోవచ్చు. తొలి పంటలు వేసే మేరకు అప్పుడే 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు బోదెలు తోలి, చలికి చచ్చిపోయే ఓట్స్ పచ్చిరొట్టగా చల్లాలి. బోదె మీది నీరు కాలువలోకి దిగుతుంది, గాలి తగిలే వైశాల్యం పెరుగుతుంది, మట్టి ముందే వేడెక్కుతుంది. నీటి ఉష్ణధారిత ఖనిజపు మట్టి కంటే దాదాపు ఐదు రెట్లు కాబట్టి తడి నేల ఆలస్యంగా వేడెక్కుతుంది. బఠాణీ మొలవడానికి 5 డిగ్రీలు చాలు. చదును పొలం ఇంకా పచ్చిగా ఉండగానే బోదె తలను తేలికపాటి గొర్రుతో 5 సెంటీమీటర్లు చెక్కి విత్తనం వేయవచ్చు. గుర్రాలు నడిచేది బోదెల మధ్య కాలువల్లో. గిట్టల అచ్చుల్లో నీళ్ళు ఊరితే ఆ సాళ్ళను వదిలి మెరక వైపు బోదెల నుంచి మొదలుపెట్టాలి.