ముసురు, బూజు, కోళ్ల మేత: కొన్ని అపోహలు, వాస్తవాలు

ముసురు పట్టి వారం దాటిందంటే మా పశువుల దవాఖానకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "డాక్టరమ్మా, కోళ్లు ముడుచుకొని కూసుంటున్నయ్, తింటలేవు. ఏదో గాలి సోకినట్టుంది, మందు చెప్పుండ్రి." మందు కన్నా ముందు నేను అడిగేది ఒక్కటే: ఏం మేపుతున్నారు? అవతల కాసేపు మాట ఉండదు. తర్వాత మెల్లగా చెప్తారు, మక్కలు తడిసి కొంచెం బూజు పట్టాయని, మనుషులు తినేటట్టు లేవని కోళ్లకు చల్లుతున్నామని.

ఎకరం భూమి, రెండు బర్రెలు, కొన్ని నాటుకోళ్లు, ఇంటి వెనక నాలుగు కూరగాయల మళ్లు. దీని మీదే ఇల్లు గడిచేవాళ్లకు ఒక బస్తా మక్కలు పారబోయమంటే ప్రాణం ఒప్పదు. అది నాకు తెలుసు. అయినా ఆ బస్తాను కాపాడుకోబోయి కోళ్లన్నిటినీ పోగొట్టుకుంటున్నవాళ్లను ఏటా చూస్తున్నాను కాబట్టి గట్టిగానే రాస్తున్నాను.

అపోహ: మనకు పనికిరాని బూజు గింజలు కోళ్లకు, పశువులకు పనికొస్తాయి.

వాస్తవం: పనికిరావు. తడిసిన మక్కల్లో, పల్లీల్లో పెరిగే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని గింజలోకి వదులుతుంది. ఈ విషం సంగతి లోకానికి తెలిసిందే పక్షుల చావుతో. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోతే, వెతగ్గా వెతగ్గా కారణం వాటి దాణాలో కలిపిన బూజు పట్టిన పల్లిచెక్క అని తేలింది. మనుషులనూ వదల్లేదు. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో కోతల వేళ వానలకు తడిసిన మక్కలు తిని 106 మంది కామెర్లతో చనిపోయారు. ఆ ఇళ్లలోని కుక్కలు కూడా అదే లక్షణాలతో చచ్చాయి. మన దక్కన్ పల్లెల్లో 1995లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన జొన్నలు, మక్కలు తిన్నవాళ్లు కడుపునొప్పి, విరేచనాలతో మంచం పట్టారు. అది ఫ్యూమోనిసిన్ అనే మరో బూజు విషం. కాబట్టి "మా తాతల కాలం నుంచి వేస్తున్నం, ఏం కాలె" అనే మాట దయచేసి నా దగ్గర అనకండి.

"కడిగి ఎండబెట్టినం" అనేది దీనికి తోక. ఒక పెద్దావిడ చచ్చిన పెట్టను గంపలో పెట్టుకొని వానలో నడిచొచ్చింది. "మూడు నీళ్లు పోసి కడిగిన బిడ్డా, వాసన గూడ లేదు" అని ఒకటే ఏడుపు. ఆమె ముందే కోసి చూపించాను. ముదురు ఎరుపులో ఉండాల్సిన కార్జం (కాలేయం) పసుపు పచ్చగా పాలిపోయి, ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే పిండిలా చితికిపోయింది, అక్కడక్కడ రక్తపు చుక్కలు. కడిగితే పోయేది పైన కనిపించే బూజు మాత్రమే. విషానికి రంగు లేదు, వాసన లేదు, అది గింజ లోపల ఉంటుంది. ఉడకబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. మంచి గింజల్లో కలిపి వేసినా కోడి ఆ విషాన్ని తింటూనే ఉంటుంది. బాతుపిల్లలకైతే అతి కొద్దిపాటి విషం చాలు.

దీనికి విరుగుడు మందు లేదు. వాట్సాప్‌లో తిరిగే పసుపు నీళ్లు, వెల్లుల్లి రసం చితికిపోయిన కార్జాన్ని బాగు చేయవు. ఆ మేత ఆపి మంచి మేత వేయడమే చికిత్స. ఇంకో సంగతి. ఈ విషం రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది, అప్పుడు కొక్కెర రోగానికి (రాణిఖేత్) వేసిన టీకా కూడా సరిగా పనిచేయదు. "టీకా వేయించినా చచ్చినయ్, టీకాలన్నీ మోసం" అని ఊరంతా చెప్పేవాళ్లు తమ గింజల బస్తా వైపు ఒకసారి చూడాలి. పాడి బర్రెకు పెడితే పొద్దున తిన్న విషం మర్నాటికల్లా పాలల్లోకి వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే.

మరి ఖర్చు లేకుండా గింజల్ని ఎలా కాపాడుకోవాలి? ముసురులో గాలే తడిగా ఉంటుంది, అందుకే నీడన ఎంతసేపు ఆరబోసినా గింజ ఒక స్థాయి దాటి ఆరదు. కొంచెం వేడి కావాలి. కంకుల పొట్టు వెనక్కి తీసి, జడల్లా కట్టి, కట్టెల పొయ్యికి పైన దండెం మీద మంట అందనంత ఎత్తులో వేలాడదీసే పాత పద్ధతికి మించింది లేదు. గింజలు ఒలిచేసి ఉంటే ఇంట్లో పలుచగా పరిచి, ఫ్యాన్ వేసి, గంటకోసారి కలపండి. తడి గింజల్ని కుప్ప చేసి టార్పాలిన్ కప్పి రోజుల తరబడి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ పని. కుప్పలోకి మోచేతి దాకా చేయి పెట్టి చూడండి, వెచ్చగా తగిలిందంటే లోపల బూజు పని మొదలుపెట్టినట్టే. వెంటనే విప్పి పరచాలి.

ఆరిందో లేదో తెలియాలంటే యంత్రం కొనక్కర్లేదు. ఉప్పును పెనం మీద వేయించి చల్లార్చండి. పొడి గాజు సీసాలో మూడో వంతు గింజలు, నాలుగైదు చెంచాల ఉప్పు వేసి, మూత పెట్టి రెండు మూడు నిమిషాలు ఊపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉన్నట్టు. బస్తాలో పోయొద్దు. అంటకపోతే కొద్ది రోజులకు పర్వాలేదు, నెలల తరబడి దాచాలంటే 13 శాతం లోపుకు రావాలి. ఎండ రాగానే మళ్లీ ఆరబోయండి. బస్తాలు నేల మీద కాకుండా ఇటుకల మీద చెక్కలు పరిచి, గోడకు ఒక అడుగు ఎడంగా పెట్టండి.

ఇప్పటికే బూజు పట్టినవి పెంటకుప్పలో వేయకండి, కోళ్లు కెలికేది అక్కడే. మూతికి గుడ్డ కట్టుకొని గుంత తీసి పూడ్చండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. చలి అని కొట్టానికి నాలుగు వైపులా పట్టాలు బిగించేస్తారు. లోపల ఉచ్చ ఘాటు నిండి దగ్గు, నిమ్ము వస్తాయి. వాన కొట్టే వైపు మాత్రం కప్పి, పైన గాలి పోయే సందు ఉంచండి. తడి గడ్డి మేస్తే గొర్రెలకు నీలినాలుక వస్తుందంటారు. గడ్డి వల్ల కాదు, ఆ రోగాన్ని మోసేవి దోమకన్నా చిన్న ఈగలు, దానికి టీకా ఉంది. పశువుల గొంతువాపు, గొర్రెల చిటుక రోగం టీకాలు రోగం వచ్చాక వేసేవి కావు, వానలకు ముందే వేయించాలి. గిట్టలు పుండ్లయితే మైలుతుత్తం నీళ్లతో కడగొచ్చు, గొర్రెలు మాత్రం ఆ నీళ్లు తాగకుండా చూడండి, వాటికి విషం.

కోడి చనిపోతే అదే రోజు తీసుకురండి, ఆలస్యమైతే లోపలి భాగాలు చెడిపోయి ఏమీ తేలదు. దాంతోపాటు అది తిన్న గింజలు ఒక గుప్పెడు, బస్తా పైనుంచి కాకుండా అడుగు నుంచి తీసి, కాగితంలో పొట్లం కట్టి తెండి. ప్లాస్టిక్ కవర్లో కడితే దారిలోనే ఇంకా బూజు పెరుగుతుంది.