పది సెకన్లకు ఎంత రోడ్డు కావాలి?

నాలుగేళ్ల కిందట, జూన్ నెల. కోడూరు నుంచి రేణిగుంట వైపు మామ కారులో వస్తున్నాం. శెట్టిగుంట దాటాక మా ముందర మామిడికాయల లారీ ఒకటి తగిలింది. పైన పట్టా కట్టుకుని నిదానంగా పోతోంది. మామ తొందరపడలేదు. మా వెనక ఉన్న తెల్ల కారు మాత్రం ఆగలేకపోయింది. రెండుసార్లు డిప్పర్ కొట్టి, హారన్ మోగించి, మమ్మల్నీ లారీనీ ఒకేసారి దాటేద్దామని కుడివైపుకి వచ్చేసింది.

ఎదురుగా ఎక్సెల్ బండి మీద ఒకాయన వస్తున్నాడు. బండికి అటొకటి, ఇటొకటి పాల క్యాన్లు. ఆయనకు మిగిలిన దారి ఒకటే, రోడ్డు దిగిపోవడం. తారు అంచు నుంచి మట్టికి జానెడు దిగుడు ఉంది. ముందు చక్రం దిగింది, బండి ఊగింది, పక్కకు ఒరిగిపోయింది. తెల్ల కారు వెళ్లిపోయింది. దానికి గీత కూడా పడలేదు. మేం కారు ఆపి పరిగెత్తేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఒక క్యాన్ మూత ఊడి పాలన్నీ ఎర్రమట్టిలోకి ఇంకిపోతున్నాయి. ఆయన వాటినే చూస్తూ, "ఇంత పెద్ద రోడ్డు గదా సార్, నేను ఓరకే వస్తా ఉంటి" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. తెల్ల కారు నడిపిన మనిషి కూడా ఆ క్షణంలో "ఇంత పెద్ద రోడ్డు గదా" అనే అనుకుని ఉంటాడు. ఇద్దరూ చూసింది రోడ్డు వెడల్పు. ఒక బండిని దాటడానికి కావలసింది మాత్రం పొడవు.

డివైడర్ లేని మన హైవేల్లో చాలావాటి కొలత ఇలా ఉంటుంది. మధ్యలో ఏడు మీటర్ల రోడ్డు, దానికి రెండు పక్కలా ఒకటిన్నర మీటరు చొప్పున తారు వేసిన మార్జిన్. మొత్తం పది మీటర్లు. లారీ వెడల్పు రెండున్నర మీటర్లు, ఎదురొచ్చే బస్సూ అంతే, కారు రెండు మీటర్ల లోపు. మూడూ పక్కపక్కన నిలబెట్టినా ఏడు మీటర్లు దాటవు. అందుకే రెండు వరుసల రోడ్డును మన కళ్లు మూడు వరుసలుగా చదువుకుంటాయి. కానీ ఆ మార్జిన్ ఖాళీ జాగా కాదు. పాల బండి వచ్చేది దాని మీదే. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని కాలినడకన కొండకు వచ్చే భక్తులు నగరి, పుత్తూరు దారిలో నడిచేది కూడా దాని మీదే.

ఇప్పుడు పొడవు సంగతి చూద్దాం. లారీ 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది, మనం 80తో దాటుతున్నాం అనుకుందాం. లారీకి 20 మీటర్ల వెనక నుంచి బయలుదేరాలి, 12 మీటర్ల లారీని దాటాలి, మన కారు పొడవు 4 మీటర్లు, లారీ ముందర మళ్లీ 20 మీటర్లు వదిలి ఎడమకు రావాలి. అంతా కలిపి 56 మీటర్లు. రెండు బండ్ల వేగాల మధ్య తేడా గంటకు 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. కాబట్టి పట్టే సమయం పది సెకన్లు.

పది సెకన్లంటే చిన్న మాటలా వినబడుతుంది. 80తో పోయే కారు పది సెకన్లలో 222 మీటర్లు పోతుంది. ఎదురుగా 80తో వచ్చే బస్సు కూడా 222 మీటర్లు వస్తుంది. అంటే మనం కుడివైపుకి తిప్పే క్షణంలో ముందున్న 444 మీటర్లూ ఖాళీగా ఉండాలి. ఇదేదో క్లాసులో చెప్పే లెక్కని కొట్టిపారేయకండి. మన రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా 80 కిలోమీటర్ల వేగానికి ఓవర్‌టేక్ చేయాలంటే 470 మీటర్ల దూరం కనబడాలంటుంది. 100 వేగానికైతే 640 మీటర్లు. ముందర ఒకటికి రెండు లారీలు ఉన్నాయా, పది సెకన్లు పదహారవుతాయి, 444 మీటర్లు 700 అవుతాయి. మా వెనక ఉన్న తెల్ల కారు ఒకేసారి రెండు బండ్లను దాటబోయింది. ఆ రోజు మలుపు దాకా మాకు కనబడుతున్నది 250 మీటర్లు ఉంటుందేమో.

మరి ఇంత పెద్ద తప్పును కన్ను ఎందుకు పట్టుకోదు? నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే.

దూరంగా ఉన్న బండి ఎంత వేగంతో వస్తోందో మనకు చెప్పేది, మన కంటిలో దాని బొమ్మ పెరిగే తీరు. ఎదురుగా నేరుగా వచ్చేదానికి పక్కకు కదలిక ఉండదు, పెరగడం ఒక్కటే గుర్తు. 200 మీటర్ల దూరంలో ఉన్న కారు ముందుభాగం మన కంటికి సుమారు పున్నమి చంద్రుడంత వెడల్పు కనబడుతుంది. 400 మీటర్లలో చంద్రుడిలో సగం. రెండు బండ్లూ 80తో ఎదురెదురుగా వస్తుంటే మధ్య దూరం సెకనుకు 44 మీటర్లు తరిగిపోతుంది. అయినా సగం చంద్రుడు నిండు చంద్రుడు కావడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. అంతసేపూ ఆ బండి ఉన్నచోటే ఉన్నట్టు, తీరిగ్గా వస్తున్నట్టు అనిపిస్తుంది. తర్వాత ఇంకో రెట్టు పెరగడానికి రెండు సెకన్ల పైచిలుకు చాలు. ఆ తర్వాతి రెట్టుకు ఒక్క సెకను. ప్రమాదంలో బతికి బయటపడినవాళ్లు "ఒక్కసారిగా మీదికొచ్చేసింది" అంటారే, అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల కంటికి నిజంగానే అలా వచ్చింది.

బొమ్మ పెరుగుదల కొంత వేగం దాటితే తప్ప మెదడు దాన్ని "వేగంగా వస్తోంది" అని గుర్తించదు. పరిశోధకులు కొలిచిన హద్దు సెకనుకు దాదాపు 0.003 రేడియన్లు (రేడియన్ అంటే కోణాన్ని కొలిచే ప్రమాణం). ఈ అంకెను మన ఉదాహరణలో పెట్టి లెక్క వేస్తే, ఎదురు కారు వేగం మనకు నిజంగా తెలిసేది అది 160 మీటర్ల దూరానికి వచ్చాకే. ఢీకొనడానికి నాలుగు సెకన్లు కూడా ఉండవు. 80 వేగంలో ఉన్న బండి చూసి, తేరుకుని, బ్రేకు వేసి ఆగడానికి రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో 120 మీటర్లు కావాలి. ఎదురెదురు బండ్లు రెండూ ఆగాలంటే 240. కన్ను మేలుకునేది 160 దగ్గర! చూపు బాగున్నవాడికీ, ముప్పయ్యేళ్లు స్టీరింగ్ పట్టినవాడికీ ఇదే హద్దు. అనుభవం వల్ల చేయి కుదురుతుంది గానీ కంటి వెనకున్న యంత్రం మారదు.

ఎదురొచ్చేది టూవీలర్ అయితే మరీ కష్టం. దాని వెడల్పు కారులో సగం కూడా లేదు కాబట్టి, అదే వేగంతో వస్తున్నా మనం గుర్తించేసరికి 100 మీటర్లే మిగులుతాయి. పైగా చిన్న వస్తువు ఇంకా దూరంగా ఉందనీ, పెద్ద వస్తువు ముందుగా వచ్చేస్తుందనీ మెదడు తీర్మానించుకుంటుంది. లారీ ఎదురొస్తే ఆగే మనిషి పాలబండి ఎదురొస్తే ఆగకపోవడానికి లెక్కలేనితనం ఒక కారణం, నిజమే. "వాడే దిగుతాడులే" అనుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లను నేను క్షమించలేను. కానీ కొంత పాత్ర ఈ భ్రమది కూడా. రాత్రిపూట మిగిలేది రెండు దీపాల చుక్కలే. ఒక హెడ్‌లైటు మాడిపోయిన లారీ మోటార్‌సైకిల్‌లాగే కనబడుతుంది.

అసహనం వచ్చి చేరేది ఇక్కడే. వాహనాల మధ్య సందు కోసం ఎదురుచూసేవాళ్ల మీద జరిపిన అధ్యయనాలు ఒక మాట చెబుతున్నాయి: నిరీక్షణ పెరిగేకొద్దీ మనిషి ఇంకా చిన్న సందుకి ఒప్పుకుంటాడు. రెండు నిమిషాల కిందట "వద్దు, చాలదు" అనుకున్న దూరమే ఇప్పుడు చాలనిపిస్తుంది. రోడ్డు మారలేదు, మన టెన్షన్ పెరిగిందంతే. ఆ టెన్షన్‌లో లారీకి ఇంకా దగ్గరగా జరుగుతాం, తోక పట్టుకుని పోతాం. దానివల్ల చూపు ఇంకా తగ్గిపోతుంది. ఒక కాగితం మీద గీసి చూడండి. తిన్నని రోడ్డులో లారీకి ఐదు మీటర్ల వెనక ఉంటే దాని కుడి అంచు పక్కనుంచి మనకు ఎదురు వరుస 50, 60 మీటర్ల దాకా కనబడుతుంది. 30 మీటర్లు వెనక్కి తగ్గితే అదే చూపు 250 మీటర్ల దాకా సాగుతుంది. తొందర ఉన్నవాడికి కావలసింది వెనక్కి తగ్గడమే.

ఇంకా ప్రమాదం, ముందరివాడు దాటుతుంటే వాడి వెనకాలే దూరడం. వాడికి రోడ్డు కనబడుతోంది, మనకు కనబడేది వాడి డిక్కీ. వాడికి సరిపోయిన పది సెకన్లు మనకు ఏడో, ఎనిమిదో.

లారీ కుడి ఇండికేటర్ కూడా ఒక చిక్కే. మన దారుల్లో అది "నేను కుడికి తిరుగుతున్నా" అనవచ్చు, "ఎదురు బండి ఉంది, రావద్దు" అనవచ్చు, కొందరు డ్రైవర్ల దగ్గర "పో, ఖాళీగా ఉంది" అని కూడా అర్థం. ఒకే దీపానికి మూడు అర్థాలున్నప్పుడు దాన్ని నమ్మి కుడికి పోవడం అంటే మన ప్రాణాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడమే.

ఢీకొంటే ఏమవుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. 1.2 టన్నుల కారు 80తో, 24 టన్నుల లారీ 60తో ఎదురెదురుగా గుద్దుకున్నాయనుకోండి. లారీ వేగం 7 కిలోమీటర్లు కూడా తగ్గదు. కారు మాత్రం ముందుకు పోతున్న 80 నుంచి వెనక్కి 53కి మారిపోతుంది. మొత్తం 133 కిలోమీటర్ల మార్పు, కన్ను మూసి తెరిచేలోపు. సీటు బెల్టులూ ఎయిర్‌బ్యాగులూ ఈ వేగాన్ని తట్టుకునేలా చేసినవి కావు.

ఇంత పెట్టుబడి పెట్టి సంపాదించేదెంత? 50తో పోయే లారీ వెనక ఐదు కిలోమీటర్లు పోతే ఆరు నిమిషాలు. దాన్ని దాటి 70తో పోతే నాలుగు నిమిషాల 17 సెకన్లు. లాభం 1 నిమిషం 43 సెకన్లు. ఈ లెక్క అందరికన్నా బాగా తెలియాల్సింది మన తిరుపతివాళ్లకే. తిరుమలకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944 నాటి మొదటి ఘాట్ దిగడానికి, 1974 నాటి రెండో ఘాట్ ఎక్కడానికి. కాబట్టి ఎదురు బండి బెడద లేదు. పైగా టోల్‌గేటు దగ్గర టైం వేసిన చీటీ చేతికిస్తారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలి, ముందుగా వస్తే జరిమానా. ఆ చీటీ చేతిలో ఉన్నంతసేపూ ఎవరూ తొందరపడరు, తొందరపడి లాభం లేదని తెలుసు కాబట్టి. అలిపిరి దాటి కరకంబాడి రోడ్డెక్కగానే అదే డ్రైవర్, అదే కారు, వేరే మనిషి!

చట్టం లేదా అంటే ఉంది. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం ప్రమాదకరమైన డ్రైవింగ్. 2019 సెప్టెంబర్ నుంచి మొదటిసారి తప్పుకే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైనవాళ్లు 1,68,491 మంది. జరిమానా భయం ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను. రోడ్డు కూడా మారాలి.

స్వీడన్‌లో సరిగ్గా ఇదే రోగం ఉండేది. డివైడర్ లేకుండా, 13 మీటర్ల వెడల్పుతో, పెద్ద పెద్ద మార్జిన్లతో వేసిన రోడ్ల మీద జనం ఎదురు వరుసలోకి దూరి చచ్చిపోయేవారు. 1998లో యేవ్లె ఊరి దగ్గర E4 అనే హైవే మీద ఒక ప్రయోగం చేశారు. రోడ్డును వెడల్పు చేయలేదు. ఉన్న వెడల్పులోనే మూడు వరుసలు గీసి, ఎదురెదురు దారుల మధ్య ఉక్కు తాళ్ల కంచె వేశారు. మధ్య వరుస కొంతదూరం వీళ్లకు, కొంతదూరం వాళ్లకు. ముందర దాటే చోటు వస్తుందని తెలుసు కాబట్టి అప్పటిదాకా ఓపిక పట్టడం సులువైంది. ఆ పద్ధతి పాకిన రోడ్ల మీద చావులు మూడొంతులకు పైగా తగ్గాయి. మన పది మీటర్లలో అది ఉన్నదున్నట్టుగా పట్టదు. కానీ ఊళ్లూ అడవీ మధ్య రోడ్డంతా నాలుగు వరుసలయ్యేదాకా ఆగకుండా, పది కిలోమీటర్లకొకచోట దాటడానికి అదనపు వరుస వేసి, రెండు కిలోమీటర్ల ముందే బోర్డు పెట్టవచ్చు. చిత్తూరు–తిరుపతి రోడ్డుకు డివైడర్ వచ్చాక ఆ దారిలో ఎదురు బండి భయం లేకుండా కూర్చోగలుగుతున్నాం. మిగతా రోడ్లలో తిరిగేవాళ్లవీ ప్రాణాలే కదా.

మామకు ఈ లెక్కలన్నీ చెప్పాను. ఆయన అంకెలు గుర్తుపెట్టుకోలేదు గానీ హైవే పక్కన 200 మీటర్లకొకటి పాతిన చిన్న రాళ్లను గుర్తుపెట్టుకున్నాడు. దాటాలంటే మూడు రాళ్ల అవతలి దాకా ఖాళీ ఉండాలి. మనవరాలికి ఇంకో ఆట నేర్పాడు. "ఏడుకొండలవాడా" అని నిదానంగా ఒకసారి అంటే సుమారు ఒక సెకను. రోడ్డు ఖాళీగా కనబడినప్పటి నుంచి ఎదురు బండి మనల్ని దాటేదాకా అలా లెక్కపెట్టాలి. పది రాకముందే బండి వచ్చిందంటే, ఆ ఖాళీ మనకు చాలేది కాదన్నమాట.

పోయిన నెల మళ్లీ అదే దారి. మామండూరు ఇంకా రాలేదు, ముందర ఇటుకల లారీ. మామ ముప్పై మీటర్లు వెనక్కి తగ్గాడు. మలుపు దాకా ఒక్క బండి కూడా లేదు, చూస్తే పోవచ్చనిపించేంత ఖాళీ. వెనక సీట్లోంచి పాప లెక్కపెడుతోంది. ఆరో "ఏడుకొండలవాడా" ఇంకా పూర్తి కాలేదు, చెట్ల చాటు నుంచి సప్తగిరి బస్సు వచ్చి మా పక్కనుంచి వెళ్లిపోయింది. దాని గాలికి మా కారు చిన్నగా ఊగింది. మామ ఏమీ అనలేదు. పాప మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.